ఉస్తాద్ వేసిన టాకాలు

ఆ బండి ఎడమ వెనక చక్రం దగ్గర అతుకు సరిగా పడలేదని నాకు ముందే తెలుసు. బండి ఎక్కినవాళ్లకు తెలియదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది.

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో నాకు కళ్లద్దాల దుకాణం ఉంది. నేను డాక్టర్ని కాను. చూపు పరీక్షించి అద్దాలు ఇస్తాను. నా చేతిలో లేనిదేదైనా కనిపిస్తే పెద్ద దవాఖానకు పంపిస్తాను. మా బాపు లారీ నడిపేవాడు. ఆయన పోయాక ఆయన పాత జీపు నాకు మిగిలింది. దాన్ని రోడ్డు మీద తిరిగేలా ఉంచుకోవాలని మెకానిక్‌ల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి బోధన్‌లో ఉస్తాద్ షెడ్డుకు చేరాను.

ఉస్తాద్ రేకు పనివాడు. వాళ్ల తాత గుర్రపు బగ్గీలకు రేకు కొట్టేవాడట. సొట్టపడ్డ తలుపును ఉస్తాద్ ఒడిలో పెట్టుకుని, వెనకనుంచి సుత్తితో చిన్నగా తడుతూ కూర్చుంటే, సాయంత్రానికి ఆ సొట్ట ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. ఆయన వేసిన టాకా, అంటే వెల్డింగ్ అతుకు, చేప పొలుసుల్లా ఒకే వరసలో పడేది. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు. నేను చాచా అనేదాన్ని. ఆయన నన్ను బేటీ అనేవాడు.

ఆయన ద్వారానే మిగతా ఇద్దరూ పరిచయమయ్యారు. ఒకాయన బస్సు డిపోలో ముప్పై ఏళ్లు ఇంజన్లు విప్పి రిటైరయినవాడు. ఆయన్ని డిపో అన్న అనేవాళ్లం. ఇంకొకాయన బోధన్ అవతల క్యాంపులో, అంటే కోస్తా వాళ్లు వచ్చి స్థిరపడ్డ ఊళ్లో, రైతు. వాళ్ల తాత కాలువ నీళ్లు వస్తున్నాయని విని కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నాడు. మూడు తరాలైనా ఇంట్లో ఆ యాసే. ఆ రైతు పశువుల కొట్టం వెనక, ఎరువు బస్తాల మధ్య ఉంది ఆ బండి.

ఇంగ్లండులో తయారైన స్పోర్ట్స్ కారు అది. రెండే సీట్లు, పైకప్పు లేదు. పొడుగాటి ముక్కు, సైకిల్ చక్రాలకున్నట్టు పుల్లల చక్రాలు. సీట్లో కూర్చుని చెయ్యి బయటికి వేలాడేస్తే వేళ్లు నేలకు తగిలేంత కిందికి ఉంటుంది. చక్కెర ఫ్యాక్టరీ రోజుల్లో ఒక ఇంజనీరు దాన్ని తెచ్చుకున్నాడని, వెళ్లిపోతూ రైతు తండ్రికి ఇచ్చాడని చెప్పేవాళ్లు. ఆ తండ్రి దాన్ని రెండుసార్లో మూడుసార్లో నడిపి కొట్టంలో పెట్టేశాడు. ఎందుకు మానేశాడో ఎవరికీ తెలియదు.

మేం నలుగురం ఆదివారాలు ఆ కొట్టంలో గడపడం మొదలుపెట్టాం. పొద్దున్నే రైతు భార్య ఇడ్లీలు పంపేది. వదినా, మీరూ రండి అంటే, "నాకెందుకమ్మా ఆ ఇనుము" అని నవ్వేది. ఇంజన్ డిపో అన్న చూసుకున్నాడు. వైర్లు, లైట్లు, మీటర్లు నా పని. చిన్న స్క్రూలతో చేసే పని నాకు దుకాణంలో అలవాటే. రేకు, చాసీ ఉస్తాద్‌వి. నాందేడ్‌లో ఇలాంటి పాత బండ్లున్నవాళ్ల గుంపు ఒకటి ఉంది. వాళ్లు వాట్సాప్‌లో మాకు ఫోటోలు పంపేవాళ్లు, దొరకని రబ్బర్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పేవాళ్లు. యాసంగి నాట్ల సమయానికి నిజాంసాగర్ డ్యాం దగ్గర అందరం కలుద్దామని వాళ్లే అన్నారు. రైతు ఆ రోజే మాట ఇచ్చేశాడు.

మూడో నెలలో ఒక ఆదివారం డిపో అన్న బండి కింద దూరి, చాసీని స్క్రూడ్రైవర్‌తో పొడుస్తూ వెళ్తున్నాడు. టక్ టక్ మని గట్టి శబ్దం వస్తోంది. ఎడమ వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి శబ్దం ఆగిపోయింది. స్క్రూడ్రైవర్ పిడి దాకా లోపలికి దిగింది.

"గిక్కడ ఇనుమే లేదు" అన్నాడు కిందినుంచి. "పెయింటు, జంగు, అంతే." ఇనుమంతా తుప్పు తినేసింది.

వెనక చక్రాలను పట్టి ఉంచే కమాన్ పట్టీలు చాసీకి తగులుకునే చోటు అది. బండి ముందుకు కదిలినప్పుడల్లా చక్రం తోపు మొత్తం అక్కడే పడుతుంది. రైతు ముఖం చిన్నబోయింది. ఉస్తాద్ మాత్రం వేళ్లతో తడిమి చూసి, "పాతది కోసి పారేస్త. మందం ఇనుప పట్టా పెట్టి టాకా ఏస్త. పరేషాన్ కావద్దు" అన్నాడు. ఉస్తాద్ అలా అన్నాక ఇంకో మాట ఉండేది కాదు.

ఆ తర్వాతి మంగళవారం మధ్యాహ్నం ఆయన మా దుకాణానికి వచ్చాడు. అంతకు ముందెప్పుడూ రాలేదు. కుర్తా ఉతికినది వేసుకున్నాడు. దుకాణంలో ఉన్న ఇద్దరు వెళ్లేదాకా మూల కుర్చీలో కూర్చుని, తర్వాత లేచాడు.

"అద్దాలు మార్సాలె బేటీ. దగ్గరిది కనవడ్తలేదు."

ఏ అద్దం పెట్టినా ఆయన అక్షరాలు చదవలేకపోయాడు. బోర్డు చుట్టూ ఉన్న చట్రం కనిపిస్తోందన్నాడు, గోడ మీది క్యాలెండర్ కనిపిస్తోందన్నాడు. అక్షరాలున్న చోట మాత్రం మసక. నేను గళ్ల కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. మధ్యలో చుక్క, చుట్టూ నిలువు గీతలు, అడ్డ గీతలు. ఆ చుక్కనే చూడమన్నాను.

చాలాసేపు చూశాడు. "ఏ చుక్క?" అన్నాడు.

తర్వాత, "గీ గీతలు గింత వంకర గీసిండ్రేంది?" అన్నాడు.

ఆ గీతలు వంకరగా లేవు. యాభై ఏళ్లు వెల్డింగ్ మంటను చాలాసార్లు వట్టి కళ్లతో చూసిన మనిషి ఆయన. కంటి లోపల నడిమి చూపు ఉండే చోట దెబ్బ తగిలినట్టుంది. కుడి కన్ను ఎక్కువ, ఎడమది కాస్త తక్కువ. అద్దాలతో పోయేది కాదని, హైదరాబాద్ పెద్ద దవాఖానకు వెంటనే వెళ్లాలని, అప్పటిదాకా వెల్డింగ్ ముట్టుకోవద్దని చెప్పాను.

ఆయన గళ్ల కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టాడు. "పోత బేటీ. గా ఇంగ్లండ్ బండి అయినంక పోత. గీ మాట నీ దుకాణంల్నే ఉండనియ్. నా కండ్లు పోయినయని తెలిస్తే బోధన్ల ఒక్కలు బండి ఇయ్యరు."

"చాచా, టాకా వెయ్యడానికి కళ్లు కావాలి కదా."

"నా చేతికి ఎర్కే. కండ్లతోని ఎన్నడు ఏసిన?"

దుకాణానికి వచ్చినవాళ్ల సంగతి బయట చెప్పకూడదన్నది నా నియమం. తర్వాత చాలా రోజులు ఆ నియమం వెనకే దాక్కున్నాను. కానీ నిజం అది ఒక్కటే కాదు. ఆ బండి పూర్తయితే బాన్సువాడ నుంచి డ్యాం దాకా నన్ను నడపనిస్తానని రైతు అన్నాడు. నేను ఆ స్టీరింగ్ పట్టుకోవడం ఎలా ఉంటుందో అప్పటికే రోజూ ఊహించుకుంటున్నాను. ఉస్తాద్ లేకపోతే పని ఆగిపోతుంది. ఆగిపోవడం నాకు ఇష్టం లేదు.

పట్టా అతికిన ఆదివారం నేను ఆయన పక్కనే ఉన్నాను. ఆయన ముందు ఎడమచేతి వేలితో అంచు వెంట రెండుసార్లు తడిమాడు. తర్వాత ముసుగు దించుకుని మంట వెలిగించాడు. శబ్దం ఎప్పటిలా ఒకే ధారగా రాలేదు. చిటపటమని ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగింది. చల్లారాక నేను టార్చ్ వేసి చూశాను. పైభాగం బాగానే పడింది. కింది వైపు టాకా అంచు మీద పడలేదు. గోరు వెడల్పు పక్కకు, పట్టా మీదే పడింది. పట్టాకూ చాసీకీ మధ్య సన్నని నల్లటి సందు అలాగే ఉంది.

ఆయన నా వైపు ముఖం తిప్పాడు. నా ముఖం వైపు కాదు, కొంచెం పక్కకు. "ఎట్లుంది బేటీ?"

అందరూ వింటున్నారు.

"బాగుంది చాచా" అన్నాను.

ఆయన గ్రైండర్‌తో పైపైన నునుపు చేశాడు. సాయంత్రానికి చాసీ మొత్తానికి నల్ల పెయింటు కొట్టేశారు. పెయింటు కిందికి వెళ్లాక ఆ సందు ఎవరికీ కనిపించదు. నాకు మాత్రం కళ్లు మూసుకున్నా కనిపించేది.

రెండు వారాల తర్వాత డిపో అన్న నన్ను కొట్టం బయటికి పిలిచాడు. "అక్కా, ఉస్తాద్ కండ్లు మంచిగున్నయా? మొన్న నట్టు అందిస్తే పక్కన గాలిల పట్టుకున్నడు. నీ దుకాణానికి వచ్చిండట గదా."

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఆయన సూటిగా, నెమ్మదిగా, నాకు చోటిస్తూ అడిగాడు.

"వయసు కదన్నా. బాగానే ఉన్నయ్" అన్నాను.

ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుంటూ లోపలికి పోయాడు.

బండి స్టార్టయిన రోజు క్యాంపు అంతా వచ్చి చూసింది. పొలాల మధ్య మట్టిరోడ్డు మీద రైతు దాన్ని అటూ ఇటూ నడిపాడు. స్పీడు బ్రేకర్ లాంటి గడ్డ ఒకటి దాటినప్పుడల్లా వెనకనుంచి టప్ మని ఒక శబ్దం. కొత్త రబ్బర్లు కదా, సర్దుకుంటాయన్నాడు రైతు. డిపో అన్న కిందికి వంగి చూసి, నట్లన్నీ బిగించాడు. ఉస్తాద్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. శబ్దం వచ్చిన ప్రతిసారీ ఆయన తల కొద్దిగా పక్కకు వంచేవాడు. మూడోసారి విన్నాక చేతిలోని చాయ్ తాగకుండానే కింద పెట్టాడు. ఆ గ్లాసు నేను తీసి లోపల పెట్టాను.

నిజాంసాగర్ వెళ్లే రోజు పొద్దున మంచు పలచగా ఉంది. ఇన్నాళ్లూ ఇనుమంటే దూరంగా ఉన్న వదిన, తలకు ఉన్ని శాలువా చుట్టుకుని, రైతు పక్కన ఎక్కి కూర్చుంది. నేను చూసి ఆగిపోయాను. ఆమె వస్తుందని నాకు తెలియదు.

"వదినా, మీరు నా జీపులో రండి. గాలి కొడుతుంది" అన్నాను.

"ఆయన ఇన్ని నెలలు దీంతోనే కాపురం చేశాడు. ఒక్కరోజు నేనూ చూడొద్దా" అంది.

నా జీపులో పక్క సీట్లో ఉస్తాద్, వెనక పనిముట్ల పెట్టెతో డిపో అన్న. ముందు, కొత్తగా ఆకుపచ్చ రంగేసిన ఆ బండి. రుద్రూరు దాకా మెల్లగానే వెళ్లాం. వర్ని దాటాక రోడ్డు కాలువ వెంబడి సాగుతుంది. నీళ్లు వదిలారు, కాలువ నిండుగా పారుతోంది. ఎడమ వైపు కాలువ, కుడి వైపు నాట్లేసే ఆడవాళ్లు. రోడ్డు బాగుండేసరికి రైతు వేగం పెంచాడు.

నేను ముందు బండి ఎడమ వెనక చక్రాన్నే చూస్తున్నాను. మడ్‌గార్డు అర్ధచంద్రంలో చక్రం సరిగ్గా మధ్యలో ఉండాలి. లేదు. ముందుకు జరిగి ఉంది. మొదట నా అనుమానమే అనుకున్నాను. కాసేపయ్యాక టైరు ముందు అంచుకూ రేకుకూ మధ్య రెండు వేళ్ల సందు కూడా లేదు.

"చాచా, ఎడమ చక్రం ముందుకు జరిగింది" అన్నాను.

ఆయన ముందుకు వంగి అద్దంలోంచి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. "నాకు కనవడ్తలేదు బేటీ" అన్నాడు. ఆ మాట నేను కాక వేరే మనిషి ముందు ఆయన అనడం అదే మొదలు. "ఆపియ్. వాళ్లను ఆపియ్."

వెనకనుంచి డిపో అన్న "ఏమైంది?" అంటున్నాడు. నేను హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. లైట్లు కొట్టాను. రైతు సంబరంతో కొడుతున్నాననుకున్నాడు. వెనక్కి తిరగకుండానే చెయ్యి పైకెత్తి ఊపాడు. వదిన కూడా శాలువా పట్టుకుని చెయ్యి ఊపింది. బండి ఇంకాస్త వేగం అందుకుంది.

ముందు తూము మీద చిన్న గడ్డ ఉంది. దాని మీద బండి ఎగిరి దిగినప్పుడు వచ్చిన శబ్దం టప్ కాదు. రేకు చింపినట్టు. బండి ముక్కు ఒక్కసారిగా ఎడమకు తిరిగింది. రైతు స్టీరింగ్ తిప్పుతున్నాడు, అది ఆయన మాట వినడం లేదు. గట్టు దాటి, కాలువ లోపలి వాలు మీదికి దిగి, తలకిందులు కాకుండా, ముక్కు నీళ్లలో పెట్టి ఆగింది.

నాట్లేసే ఆడవాళ్లు మా కంటే ముందు చేరారు. రైతుకు పక్కటెముకలు విరిగాయి కానీ తనంతట తానే బయటికి వచ్చాడు. వదిన ఎడమ కాలు డ్యాష్‌బోర్డు కింద ఇరుక్కుంది. నీళ్లు ఆమె నడుము దాకా ఉన్నాయి. ఆమె అరవలేదు. "కాలు నాది కాదన్నట్టుంది" అని మాత్రం అంది. డిపో అన్న గడ్డపారతో రేకు వంచి ఆమెను తీసేసరికి అరగంట పట్టింది. తొడ ఎముక విరిగింది.

అంబులెన్స్ వెళ్లిపోయాక చూస్తే ఉస్తాద్ గట్టు దిగి, బండి వెనక మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. చాసీ కింద చెయ్యి పెట్టి తడుముతున్నాడు. కమాన్ పట్టీ ఊడి వేలాడుతోంది. పట్టా పైకి మడతపడి ఉంది. దాని కింది అంచు పక్కన టాకా నీటుగా, దేన్నీ పట్టుకోకుండా, అలాగే ఉంది.

"నా టాకానే" అన్నాడు.

డిపో అన్న నా వైపు చూశాడు. "బాగానే ఉన్నయన్నవ్ గదక్కా" అన్నాడు. గొంతు పెంచలేదు.

మూడో రోజు దవాఖానలో వదినకు అంతా చెప్పాను. గళ్ల కాగితం సంగతి, సందు సంగతి, డిపో అన్న అడిగినప్పుడు నేనన్న మాట. రైతు కిటికీ దగ్గర నిలబడి వింటున్నాడు.

"ఆయనకు తెలుసు. నీకు తెలుసు" అంది ఆమె పైకప్పు వైపు చూస్తూ. "ఎక్కి కూర్చుంది నేను."

రైతు, "ఇక వెళ్లమ్మా" అన్నాడు. ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే. వదిన ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోందని, ఎడమ కాలు కొంచెం పొట్టి అయిందని వేరేవాళ్ల ద్వారా విన్నాను. బండిని కాలువలోంచి తీసి మళ్లీ ఎరువు బస్తాల మధ్యే పెట్టారు.

నేను ఉస్తాద్‌ను హైదరాబాద్ తీసుకెళ్లాను. పోయిన చూపు రాదని, ఉన్నది జాగ్రత్తగా కాపాడుకోవాలని డాక్టర్లు చెప్పారు. తిరిగి వచ్చేటప్పుడు కామారెడ్డి దాటాక ఆయన అన్నాడు: "బేటీ, గీ ఏడాదిల గిదొక్కటే బండి కాదు నేను టాకా ఏసింది."

నేను జీపు పక్కకు ఆపాను.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. కళ్లు మసకబారడం మొదలయినప్పటి నుంచీ చేసిన ప్రతి పనీ ఆయనకు గుర్తుంది. బడి పిల్లల్ని తోలే ఆటోకు కింది పైపు. నవీపేట్ రైతు ట్రాక్టర్ ట్రాలీ కొక్కెం. బోధన్‌లో నీళ్ల ట్యాంకర్ కాళ్లు. ఒక డీసీఎం వ్యాను చాసీ. ఒక చెరుకు ట్రాలీ ఇరుసు. ఏ బండికి ఎక్కడ, ఎంత పొడుగు టాకా వేశాడో వేళ్లతో కొలిచి మరీ చెప్పాడు.

మర్నాడు డిపో అన్న ఇంటికి వెళ్లాను. తలుపు దగ్గరే నిలబెట్టి విన్నాడు. మొత్తం విని, లోపలికి పోయి సుత్తి, టార్చ్ తెచ్చుకున్నాడు. ఆ తర్వాత నెలన్నర పాటు, ముగ్గురం నా జీపులో ఊరూరా తిరిగాం. ప్రతి ఇంటి ముందూ ఉస్తాదే దిగి చెప్పేవాడు. "నా కండ్లు పోయినయ్. అప్పటికే పోయినయ్. మీ బండి ఒక్కసారి సూడనియ్యుండ్రి." కొందరు చాయ్ ఇచ్చారు. ఒకాయన తిట్టాడు. ఉస్తాద్ నిలబడి విన్నాడు. చాలా టాకాలు గట్టిగానే ఉన్నాయి. ఆటో కింది పైపు మాత్రం డిపో అన్న ఒక్క దెబ్బకే విడిపోయింది. ఆ పొద్దున కూడా అది పిల్లల్ని దింపి వచ్చింది. ఆటో నడిపేవాడు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు.

అన్నీ చూశాం, ఒక్కటి తప్ప. చెరుకు మోసే ట్రాలీ, ఎర్ర రంగు, ఇరుసు దగ్గర మూర పొడుగు టాకా. దాన్ని చేయించుకున్నాయన అవతలి మహారాష్ట్ర వైపు అమ్మేశాడు. ధర్మాబాద్ వారపు అంగడికి వెళ్లి అడిగాం. కొన్నాయన మరాఠీలో చెప్పినదాన్ని ఉస్తాద్ మాకు చెప్పాడు: సీజన్లో చెరుకు తోలే ముఠా ఒకటి వచ్చి కొనుక్కుపోయింది, వాళ్లది ఏ ఊరో తెలియదు.

"ట్రాలీ మంచిగ పని చేస్తున్నదట" అన్నాడు ఉస్తాద్. మేం ముగ్గురం అంగడి పక్కన, రోడ్డు అంచున నిలబడ్డాం. చెరుకు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి, గడలు నేలకు రాసుకునేంత బరువుతో వెళ్తున్నాయి. దుమ్ములో అన్నిటి రంగూ ఒకేలా ఉంది. డిపో అన్న ఒక్కోదాన్నీ వంగి చూస్తున్నాడు. ఉస్తాద్ తల పక్కకు వంచి వింటున్నాడు.